నలభై ఎనిమిది కిలోలు

2006 మార్చి 5, ఆదివారం

గుర్రం సంగతులు వేరే నోటుబుక్కులో రాస్తున్నాను. పొద్దున ఎన్నింటికి నీళ్లలో దింపాను, ఎంతసేపు నిలబెట్టాను, కాలు వేడిగా ఉందా చల్లబడిందా, అవన్నీ అందులో. అది మా ట్రైనరు హనుమంతరావు గారు చూసే పుస్తకం. ఇది నాది. ఎరువుల కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ, పేజీకో పురుగుమందు బొమ్మ.

లాంతరు ఇవాళ మొదటిసారి సముద్రం చూసింది. చెవులు నిక్కించి రెండడుగులు వెనక్కి వేసింది. అల వచ్చి గిట్టల్ని తాకగానే ముక్కుతో బుస్సున ఊదింది. తర్వాత దానంతట అదే మోకాళ్ల లోతుకి దిగి, కదలకుండా నిలబడిపోయింది. మంచు ఇంకా విడలేదు. నీళ్లెక్కడ అయిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. లోకంలో గుర్రం ఒక్కటే ఉందనిపించింది.

రేసు పుస్తకంలో దాని పేరు బ్లూ లాంతర్న్. ఎడమ ముందుకాలి నరం వాచిపోయి, ఇంక పనికిరాదని మలక్‌పేట రేసుకోర్సులో అందరూ తేల్చేస్తే, ఉప్పునీళ్లలో మూడు నెలలు నిలబెడితే బాగవుతుందని నేనొక్కణ్ణే వాదించాను. పదకొండేళ్లుగా హనుమంతరావు గారి దగ్గర పనిచేస్తున్నాను, అసిస్టెంటు ట్రైనరు అన్న పేరే గాని పేడ ఎత్తడం మానలేదు. ఆయన నవ్వి, "అయితే మీ ఊరి సముద్రానికే తోలుకుపోవోయ్ ఇర్షాదూ" అన్నారు. మాది తెనాలి. తెనాలికి సముద్రం ఎక్కడిది? ఆయన దృష్టిలో గుంటూరు జిల్లా అంతా మా వీధే. బాపట్ల దాటాక సూర్యలంక దారిలో, మూతపడిన రొయ్యపిల్లల హేచరీ ఒకటి దొరికింది. సిమెంటు తొట్లు, రేకుల షెడ్డు, చుట్టూ సరుగుడు తోట. గుర్రానికీ, నాకూ, నేను వెంట తెచ్చిన పిల్లాడు మధుకీ సరిపోయింది.

ఆయన షరతు రెండు ముక్కలు. లాంతరు కాలు బాగుచెయ్యాలి. దాన్ని స్వారీ చెయ్యడానికి ఒక కొత్త పిల్లాణ్ణి తయారుచెయ్యాలి. "జూన్ పన్నెండున నేను చూస్తా. నలభై ఎనిమిది కిలోలు దాటితే ఆ గేటు నుంచే వెనక్కి పంపిస్తా. బాగుంటే వాణ్ణి అప్రెంటిస్ జాకీగా తీసుకుంటా. నీ ట్రైనర్ లైసెన్సు కాగితం మీద సంతకం పెడతా." ఇరవై తొమ్మిదేళ్లకి ట్రైనర్ అంటే మాటలా! జట్కావాడి కొడుక్కి మరీనూ.

మధుబాబుది అడవులదీవి. పదిహేడేళ్లు. కిందటేడు రేపల్లెలో పెళ్లి ఊరేగింపులో చూశాను వాణ్ణి. టపాకాయలకి బెదిరిన గుర్రం పెళ్లికొడుకుని పడేసి పారిపోతుంటే, పెట్రోమాక్సు లైటు మోస్తున్న వీడు ఆ లైటు పక్కవాడి నెత్తిన పెట్టి, ఎగిరి గుర్రం ఎక్కాడు. మెడ మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. బస్టాండు దాకా వెళ్లి, నడిపించుకుంటూ తిరిగి తెచ్చి, మళ్లీ లైటు ఎత్తుకున్నాడు. ఆ చేతులు నేర్పితే వచ్చేవి కావు.

నేనూ పదిహేనేళ్లకి అప్రెంటిస్‌నే. పదిహేడు వచ్చేసరికి అయిదడుగుల ఎనిమిది అంగుళాలు పెరిగాను. మా ఉస్తాదు మే నెల ఎండలో రెండు దుప్పట్లు కప్పి పరిగెత్తించేవాడు. విరేచనాల మందు పోసేవాడు. రొట్టె ముక్క దాచుకుంటే చెవి మెలేసేవాడు. ఎముకలు మాత్రం ఆగలేదు. ఆ పని నేను ఏ పిల్లాడికీ చెయ్యను. తేదీ వేసి మరీ రాస్తున్నాను.

మార్చి 8

బరువు చూడటానికి ఈ చుట్టుపక్కల ఉన్నది ఒకటే కాటా. దారి మలుపులో వెంకటకృష్ణయ్య బాబాయి కట్టెల అడితి ఉంది. సరుగుడు కట్టెలు తూచి అమ్మే పెద్ద కాటా, మనిషి నిలబడేంత పలక.

"మనుషుల్ని కూడా తూస్తావేంటయ్యా?" అన్నాడు ఆయన.

"గుర్రం మోసేది కట్టెలు కాదుగా బాబాయ్."

మధు యాభై రెండు. నేనూ ఎక్కాను. అరవై నాలుగున్నర! హైదరాబాదులో బయల్దేరేటప్పుడు అరవై రెండే. తెనాలిలో అమ్మ చేతివంట పది రోజులు తింటే అంతే మరి. పొట్ట నిమురుకుని నవ్వుకున్నాను. బాబాయి ఏదో అనబోయాడు. ఇంతలో టీకొట్టు ఆమె కట్టెలకి వచ్చింది, అటు వెళ్లిపోయాడు.

మార్చి 9

నాలుగు కిలోలు. మూడు నెలలు. ఇదీ ఒక లెక్కేనా!

మార్చి 19

మధుకి వేగం నేర్పుతున్నాను. జాకీకి వాచీ ఉండదు. గుర్రం రెండొందల మీటర్లు ఎన్ని సెకన్లలో పోతోందో వాడి లోపలే తెలియాలి. ఇసకలో రెండు సరుగుడు కర్రలు పాతి, నేను వాచీ పట్టుకుని నిలబడతాను. మొన్నటి దాకా అంకెలు లెక్కపెట్టమనేవాణ్ణి. తప్పేవాడు. నిన్న వాడే అడిగాడు, "సార్, మా చర్చి పాట పాడుకుంటే పరవాలేదా?" అని. పాడుకోమన్నాను. చరణం సరిగ్గా కర్ర దగ్గర అయిపోయింది. పద్దెనిమిది సెకన్లు. మళ్లీ పంపాను. పద్దెనిమిది! పాట కాస్త వేగం పెంచి పదహారు తెమ్మన్నాను. పదహారే తెచ్చాడు. నాకు ఒళ్లు పులకరించింది. మా ఉస్తాదుకి కూడా చేతకాని విద్య ఇది.

ఇంకా పూర్తి పరుగు లేదు, సగం జోరే. కాలు చల్లగా ఉంది.

మధ్యాహ్నం సరుగుడు నీడలో కునుకు పట్టింది. ఆకుల్లోంచి గాలి హోరు, దాని వెనక సముద్రం హోరు, రెండూ ఒకటే అయిపోయి ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. కలలో నేను గుర్రం మీద ఉన్నాను. నాకు బరువే లేదు. గుర్రానికి నేనున్న సంగతే తెలియదు. లేచేసరికి మధు లాంతరు మెడ మీద తల ఆనించి నిలబడే నిద్రపోతున్నాడు.

ఏప్రిల్ 2, ఆదివారం

యాభై ఒకటిన్నర. అంతేనా!

రాత్రిపూట అన్నం మానిపించాను. వాడే మానేస్తానన్నాడు. నేను బలవంతం చెయ్యలేదు. చపాతీ ఒకటి తింటున్నాడు. అది చాలు, చిన్న ఒళ్లు.

వాళ్లమ్మ ప్రేమకుమారి అక్క వచ్చి వెళ్లింది. ఊళ్లో బళ్లో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది ఆమె. కొడుకు బుగ్గలు లోపలికి పోయాయని చూసి, "ఈస్టరు ముందు శ్రమదినాలు కదా తమ్ముడూ, ఈసారి ఉపవాసాలు గట్టిగా పట్టినట్టున్నాడు. వాళ్ల నాన్న పోయాక వీడికి దేవుడి మీద మనసు మళ్లుతుందో లేదోనని దిగులుగా ఉండేది" అని ముచ్చటపడింది. మధు నావైపు చూశాడు. నేను బకెట్టు కడుగుతున్నాను. అలాగే కడుగుతూ ఉన్నాను.

ఏప్రిల్ 17

ఈస్టరుకి ఇంటికెళ్లి వచ్చాడు. ఒక్క పూట, ఒకే ఒక్క పూట! యాభై రెండు. అరిచాను. "కోడిపలావు తిన్నావా? మళ్లీ వడ్డించుకున్నావా? లాంతరు మొయ్యాల్సింది నిన్నా, మీ అమ్మ పలావునా?" అన్నాను. వాడు తల వంచుకుని, "మళ్లీ తిననండి" అన్నాడు.

సాయంత్రం ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ కవరుకి చేతులు పట్టేలా కన్నాలు కోసి, చొక్కా కింద తొడిగించి, ఇసకలో పరిగెత్తించాను. దుప్పటి కాదు కదా. పలచటి కవరు.

ఏప్రిల్ 25

యాభై.

ముంజలు వచ్చాయి. అమ్మేవాడు గేటు దగ్గరే దింపుతాడు కావిడి. రేపటి నుంచి అటు పక్క కూర్చోమని చెప్పాను.

లాంతరు పరుగు మొదలుపెట్టాను. కాలు గురించి హనుమంతరావు గారికి ఫోను చేశాను. సెల్లు సిగ్నలు ఇసకదిబ్బ మీదే వస్తుంది. "పిల్లాడు ఎంత?" అని అడిగారు మొదట.

మే 4

నలభై తొమ్మిదిన్నర. ఎక్కడో పట్టేసింది, ఇంక దిగట్లేదు. అన్నం పొద్దున గుప్పెడు. నీళ్లు కూడా చూసి తాగమన్నాను.

రంజాన్‌లో మా ఉపవాసానికి సూర్యుడు అస్తమిస్తే చాలు, ఖర్జూరం నోట్లో పడుతుంది. వీడి ఉపవాసానికి పొద్దు గుంకదు. ఇలాంటి ఆలోచనలు ఎందుకు వస్తాయో. జూన్ పన్నెండు ఎంతో దూరం లేదు.

మే 5

ప్రేమకుమారి అక్క మళ్లీ వచ్చింది. నన్ను పక్కకి పిలిచి, "పండగ అయిపోయి మూడు వారాలైంది. వాడు ఇంకా దేనికి ఉంటున్నాడు ఉపవాసం?" అని అడిగింది.

"స్వారీ పని అలాంటిదక్కా. అలవాటైపోతుంది."

"మీరు కూడా ఇలాగే ఉన్నారా తమ్ముడూ?"

"ఉన్నాను."

"అయితే మీరు జాకీ అయ్యారా?"

ఆమె తెచ్చిన చేపల పులుసు నేనే తిన్నాను. వాడు షెడ్డు వెనక్కి వెళ్లిపోయాడు, వాసన తగలకుండా.

మే 8

నలభై ఎనిమిదిన్నర! అడితిలో గట్టిగా అరిచేశాను. వెంకటకృష్ణయ్య బాబాయి మధు మొహం చూస్తూ, "ఇంక చాలేమోనయ్యా. పిల్లాడు పీక్కుపోయాడు" అన్నాడు. ఇంకో అర కిలో అంతే బాబాయ్ అన్నాను. ఆయన కాటా మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు. తుడిచిందే తుడిచాడు.

మే 9

మధు పడిపోయాడు.

రాయాలి. 

నిన్న రాత్రి మా బాబా తెనాలి నుంచి వచ్చాడు, కొడుకు తయారుచేసే గుర్రాన్ని చూస్తానని. నాగూర్ బాషా అంటే ఒకప్పుడు స్టేషను దగ్గర తెలియనివాళ్లు లేరు. ముప్ఫై అయిదేళ్లు జట్కా తోలాడు. ఆటోలు వచ్చాక గుర్రాన్ని అమ్మేశాడు గాని, ఇప్పటికీ చేతిలో చెర్నాకోల ఉన్నట్టే నడుస్తాడు. ఆయనకి చూపిద్దామని పాత కర్రల మధ్య లాంతరుని పంపాను. తెల్లగా వెలుగు వచ్చే వేళ. నీటి అంచునే వచ్చింది గుర్రం, దాని కింద దాని నీడ వస్తోంది తడి ఇసకలో. అంత అందంగా ఎప్పుడూ రాలేదు. పాట వినబడలేదు. రెండో కర్ర దాటాక మధు ఒక పక్కకి మెల్లగా వాలిపోయాడు, నిద్రపోతున్నవాడు వాలినట్టు. నీళ్లలో పడ్డాడు. లాంతరు ఆగిపోయింది. వాడికి అడ్డంగా నిలబడింది, అలలు దాని పొట్టకి తగులుతున్నాయి.

నాకంటే ముందు బాబా పరిగెత్తాడు. అరవై రెండేళ్ల మనిషి. మధుని రెండు చేతుల మీద ఎత్తి, ఒక్కసారి పైకీ కిందికీ ఊపి చూసి, నా మొహంలోకి చూశాడు.

"ఎంతన్నావురా వీడు?"

"నలభై ఎనిమిదిన్నర."

"ముప్ఫై అయిదేళ్లు బస్తాలు ఎక్కించాను దించాను. తడిబట్టలతో కలిపి కూడా నలభై ఏడు లేడు. ఎవడు తూశాడు?"

బాపట్ల ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు. నర్సమ్మ బరువు చూసింది. నలభై ఆరు. మీ మిషను తప్పమ్మా అన్నాను. ఆమె నన్ను ఎక్కమంది. అరవై రెండు.

మే 10

సీలు విప్పని యూరియా బస్తా రిక్షాలో వేయించుకుని అడితికి వెళ్లాను. బస్తా మీద యాభై కిలోలని అచ్చు వేసి ఉంది. కాటా మీద పడేశాను. యాభై రెండున్నర.

"పలక కింద ఏం పెట్టావు బాబాయ్?"

వెంకటకృష్ణయ్య బాబాయి దాచలేదు. వంగి, పలక కింద అతికించిన సీసం ముద్ద పీకి నా చేతిలో పెట్టాడు.

"కట్టెలు కొనేవాళ్లందరికీ తెలుసయ్యా. రెండు కిలోలు పోతాయని వాళ్లూ అనుకునే బేరం ఆడతారు. నువ్వు పిల్లాణ్ణి ఎక్కించినప్పుడు మొదటిరోజే చెబుదామనుకున్నా. కొట్టులో మనుషులున్నారు. రెండోరోజు చెబుదామనుకున్నా. మొదటిరోజు ఎందుకు చెప్పలేదంటావు. తర్వాత్తర్వాత..."

"రెండు నెలలు చూస్తూ కూర్చున్నావు కదా!"

"చూశాను. అన్నం సయించేది కాదు."

"నీకు సయించలేదు. వాడికి లేదు!" అని అరిచాను. ముద్దని రోడ్డు మీదికి విసిరికొట్టాను. ఊరంతా పోగయ్యారు. నోటికొచ్చినట్టు తిట్టాను. 

వచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. మార్చి ఎనిమిది. అరవై నాలుగున్నర. అమ్మ చేతివంట. నా రాతే. ఆ కాటా తప్పని నా పుస్తకంలో నేనే రాసిపెట్టుకున్నాను. పొట్ట నిమురుకున్నానట.

ఏప్రిల్ ఇరవై అయిదున మధు అసలు బరువు నలభై ఏడున్నర. అంటే ఆ రోజే అయిపోయింది పని. ఆ తర్వాత కాల్చిందంతా ఊరికే కాల్చాను.

మే 14

మధు తింటున్నాడు. బాబా ఇక్కడే ఉండిపోయి వండుతున్నాడు. ఆయన వండే పప్పులో ఉప్పు ఎక్కువ, అయినా మూడుసార్లు వేయించుకున్నాడు వాడు. ముంజలవాణ్ణి మళ్లీ గేటు దగ్గరికి పిలిచాను. ఆస్పత్రి కాటా మీద రెండు కిలోలు పెరగడానికి వీలుంది. ఇంక భయం లేదు. అంతా ఆ సీసం ముద్ద చేసిన పాపం. ఇప్పుడు తేలిపోయింది.

వేడి మొదలయ్యే ముందు ముగ్గురం ఒడ్డున కూర్చున్నాం. లాంతరు నీళ్లలో కళ్లు మూసుకుని నిలబడింది. బాబా ఏదో పాత జట్కా కబురు చెబుతున్నాడు, మధు నవ్వుతున్నాడు. ఇంత హాయిగా ఎప్పుడున్నానో గుర్తులేదు.

మే 20

ఆస్పత్రిలో నలభై ఏడున్నర. బాగుంది.

మే 27

నలభై ఎనిమిదీ ముప్పావు. వచ్చిన కొత్తలో గోడ మీద బొగ్గుతో గీసిన గీతకంటే అర అంగుళం పైకి వచ్చాడు. ఎండిన పైరుకి నీళ్లు పెట్టినట్టయింది. పదిహేడేళ్లు మరి.

మే 28

రాత్రి అన్నం మానిపించాను. ఒక్క చపాతీ.

మే 29

నిన్నటి రాత మళ్లీ చదివాను. ఇప్పుడు కాటా సరైనదే. వెంకటకృష్ణయ్య బాబాయి ఇందులో లేడు.

బాబా పొద్దున పొయ్యి దగ్గర నుంచి అన్నాడు, "చిన్నప్పుడు నిన్ను మలక్‌పేటలో వదిలేసి వచ్చాను. రొట్టె దాచుకున్నావని మీ ఉస్తాదు కొట్టాడని నాకు తెలుసు. పెద్దవాడవుతావని ఊరుకున్నాను." ఇంతకాలం ఆ సంగతి ఆయనకి తెలియదనుకున్నాను.  నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసమో చెప్పలేను.

జూన్ 1

నలభై తొమ్మిదిన్నర. ఇసకదిబ్బ ఎక్కి హనుమంతరావు గారికి ఫోను చేశాను. "కాలు బ్రహ్మాండంగా ఉందండి. పిల్లాడు నలభై తొమ్మిది దాటాడండి. తగ్గించను. పెరుగుతున్నాడండి, యాభై మూడు నాలుగు దాకా వెళతాడు" అన్నాను.  గుర్రాన్ని లారీ పంపి తెప్పించుకుంటామన్నారు.

జూన్ 2

మధుకి చెప్పాను. పొద్దుటి స్వారీ పని ఇప్పిస్తాను, రేసుకి కాకపోయినా గుర్రాలతోనే ఉండొచ్చు అన్నాను. నెమ్మదిగా చెప్పాననుకున్నాను.

"పొద్దుటిపూట తిప్పేవాణ్ణి ఎవరు చూస్తారండీ?" అన్నాడు.

"ఎవరూ చూడరు."

"నన్నడగకుండా ఎందుకు చెప్పేశారు? మూడు నెలలు మాడింది నేను. మీరు కాదు. పది రోజుల్లో రెండు కిలోలు నేను తగ్గిస్తాను. ఎలాగో మీరే నేర్పారుగా."

"వద్దురా మధూ."

"మీకు అవలేదని నాక్కూడా అవకూడదా సార్?"

కొట్టాల్సింది. ఆ మాటకి నేను వాణ్ణి కొట్టినా బాగుండేది. లేచి సముద్రం వైపు నడిచాను. తిరిగి వచ్చేసరికి వాడి సంచీ లేదు.

జూన్ 3

అడవులదీవి వెళ్లాడట. వెళ్లనీ. తింటాడు, వాళ్లమ్మ దగ్గర తింటాడు.

జూన్ 5

లారీ వచ్చింది. లాంతరు ఎక్కనని మొండికేసింది. నేనే ఎక్కించాను. హేచరీ బోసిపోయింది. బాబా తెనాలి వెళ్లాడు. నేను మాత్రం పొద్దున్నే లేచి నీళ్ల దగ్గరికి పోతున్నాను. మోకాళ్ల లోతులో నిలబడి ఉంటున్నాను ఊరికే. ఎంతసేపో తెలియడం లేదు.

జూన్ 10, శనివారం

హనుమంతరావు గారి ఫోను.

"ఏమయ్యా, పెద్ద మాటలు చెప్పావు! నీ పిల్లాడు నిన్న వచ్చాడు ఒక్కడే. నలభై ఏడున్నర ఉన్నాడు. నీ గుర్రం మీద తిప్పాను. గడియారం పెట్టినట్టు వచ్చాడు. బాగా తయారుచేశావోయ్! సోమవారం పదింటికి పరీక్ష, నువ్వూ రా. నీ కాగితం మీద సంతకం పెట్టేస్తా."

నిజం రాయాలి. ముందు సంతోషం కలిగింది. పదకొండేళ్లు ఆ మాట కోసం ఉన్నాను. దిబ్బ మీద నిలబడి గాలిలోకి నవ్వాను కూడా. రెండు మూడు నిమిషాలు ఉంది ఆ సంతోషం. తర్వాత లెక్క వచ్చింది. వాడు వెళ్లి ఎనిమిది రోజులు. రెండు కిలోలు. ఆస్పత్రి దగ్గర వాణ్ణి ఎత్తుకుని దించినప్పుడు చేతుల మీద ఏమీ ఉన్నట్టే లేదు, అది గుర్తొచ్చింది. అక్కడ ఇసక ఉండదు, నీళ్లు ఉండవు. పడితే గట్టి నేల, వెనక పది గుర్రాలు.

మళ్లీ ఫోను చేశాను.

"అయ్యా, వాణ్ణి ఎక్కించకండి. తిండీ నీళ్లూ లేకుండా ఉన్నాడండి. కిందటి నెల గుర్రం మీద నుంచే స్పృహ తప్పి పడ్డాడు. అది మీకు చెప్పలేదు. నేనే దాచాను."



"వాడు పడ్డ సంగతి నీ పుస్తకంలో రాయలేదు నువ్వు."

"రాయలేదండి."

"అయితే నీకు ట్రైనర్ లైసెన్సుకి నేను సంతకం ఎలా పెడతాననుకున్నావు?"

"పెట్టొద్దండి."

ఫోను పెట్టేశారు. అక్కడే ఇసకలో కూర్చున్నాను. రేపు రాత్రి బండికి టికెట్టు దొరకలేదు. జనరల్‌లో వెళ్తాను.

జూన్ 12, సోమవారం. మలక్‌పేట

పొద్దున ఆరింటికి గేటు దగ్గరికి చేరాను. పరీక్షకి మధు పేరు కొట్టేశారట. వాడు గుర్రాల కొట్టం అవతల, గోడ వారగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు ఎండి తెల్లగా పగిలాయి. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

ఎదురు హోటల్లో ఇడ్లీ కట్టించుకుని, నీళ్ల సీసా తీసుకుని, బల్లకి ఈ చివర కూర్చున్నాను. పొట్లం మధ్యలో పెట్టాను. లోపల గుర్రాలు మేత నములుతున్న చప్పుడు వినిపిస్తోంది. ట్రాక్ మీద పొగమంచు లాంటిదేదో తేలుతోంది, దుమ్మో మరేమిటో. అందులోంచి గుర్రాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఏది లాంతరో ఆనవాలు పట్టలేకపోయాను. ఏడయింది, ఎనిమిదయింది. 

"నా పేరు మీరే కొట్టించారు," అన్నాడు చివరికి.

"నేనే."

"మీ సంతకం కూడా పోయిందంట. కొట్టంలో అనుకుంటున్నారు."

"పోయింది."

"మళ్లీ సీజనుకి రమ్మంటారేమో. మళ్లీ సీజనుకి నేను ఎదిగిపోతాను సార్. ఇంక ఎప్పటికీ అవదు."  పదిహేడేళ్ల పిల్లాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు, అందరూ చూస్తున్నా సరే. నేను వాణ్ణి ఊరుకోబెట్టలేదు. నేను ఎదిగిపోయినప్పుడు నా వయసూ అంతే, నన్ను ఎవరూ ఏడవనివ్వలేదు.

ఏడుపు తగ్గాక పొట్లం విప్పి వాడి ఒళ్లో పెట్టాను. ఒక ముక్క తుంచాడు, నోటి దాకా తెచ్చి ఆగాడు, అలవాటుగా నావైపు చూశాడు, తినమంటారా అన్నట్టు.

"ఎదుగురా," అన్నాను.